జాతికి అంకితమైన లీకు

వసుంధర టీచరు కారు వయసు ముప్పై మూడేళ్ళు. సెప్టెంబరు ముప్పయ్యో తారీఖున దానికి ఫిట్‌నెస్ పరీక్ష. పాసైతే ఇంకో ఐదేళ్ళు రోడ్డు మీద తిరుగుతుంది. తప్పితే అటు నుంచి అటే తుక్కు యార్డుకి పోతుంది. పదో తరగతి పిల్లలకున్న సప్లిమెంటరీ సౌకర్యం పాత కార్లకి ఇంకా రాలేదు.

ఆ కారు తుక్కులోకి పోతే టీచరు తట్టుకోలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు గాని మల్లవరంపేటలో అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఇరవై ఆరేళ్ళ పాటు రోజూ ఆ కారుని పంటు పడవ మీదికెక్కించి, గోదావరి పాయ దాటి, అవతలి లంకలో హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి వచ్చింది. మొదట్లో ఏ చిన్న మరమ్మతు వచ్చినా మెకానిక్కులు ఆవిడ వంక చూడకుండా సారు గారిని పంపమనేవారు. సారు గారంటే ఆవిడ భర్త సుందరం గారు. బానెట్ కారుకి ముందుంటుందా వెనకుంటుందా అని అడిగితే కాస్త ఆలోచించి చెప్పే మనిషి. దాంతో ఒళ్ళు మండి ఆవిడే పానాలు కొనుక్కుంది, పుస్తకం చూసి నేర్చుకుంది. అప్పట్నుంచీ ఆ ఇంజను మీద మరో చెయ్యి పడలేదు.

సెప్టెంబరు ఒకటో తారీఖు పొద్దున్న కారు కింద గచ్చు మీద నల్లటి మరక కనబడింది. టార్చి వేసి చూస్తే ఇంజను నెత్తి మీదుండే రేకు మూత, అదే ట్యాపెట్ కవరు, దాని అంచు వెంట ఆయిలు కారి చుక్కలుగా పడుతోంది. ఆ మూతకీ ఇంజనుకీ మధ్య చుట్టూ ఒక కార్కు బెరడు ముక్క ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని గాస్కెట్ అంటారు, షెడ్డుల్లో ప్యాకింగు అంటారు. ముప్పై మూడేళ్ళ వేడికి అది కాలిన అప్పడంలా అయిపోయింది. కంగారుపడవలసింది ఏమీ లేదు. టీచరు ఆ రోజే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, పాత కార్ల సామాన్ల కొట్లో వెతికించి కొత్త ప్యాకింగు తెచ్చుకుంది. పాతది పీకి కొత్తది పెట్టడం గంట పని.

మర్నాడు పొద్దున్నే పాత చీర ముక్క భుజాన వేసుకుని, పది నంబరు పానా చేత్తో పట్టుకుని బానెట్ ఎత్తబోతుండగా గేటు దగ్గర హిమజ కనిపించింది. ఆ పిల్ల ఆరో వార్డు కార్యదర్శి. టీచరు దగ్గర చదువుకుంది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్ లోనే ఉంది. మొహం చూస్తే ఇప్పుడో కాసేపటికో ఏడ్చేలా ఉంది.

సంగతేమిటంటే, ప్రభుత్వం 'వాడవాడకో వనరు' అనే మిషన్ పెట్టింది. ప్రతి వార్డులోనూ ఏదో ఒక సహజ వనరు ఉండే తీరుతుందనీ, దాన్ని కనిపెట్టి పోర్టల్లో ఎక్కించని కార్యదర్శికి చూపు లేదనే భావించవలసి ఉంటుందనీ ఉత్తర్వు. సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. ఒక వార్డు ఎక్కించిన వనరుని ఇంకో వార్డు ఎక్కించడానికి లేదు. ఒకటో వార్డు ఇసుక రాసుకుంది. రెండో వార్డు ఎండ రాసుకుంది. గాలి మూడో వార్డుకి పోయింది. నాలుగు కొబ్బరి, ఐదు చేపలు. ఆరో వార్డులో మూడు వీధులు, ఒక కిరాణా కొట్టు, ఒక మురుగు కాలవ ఉన్నాయి. మురుగు రాస్తే ఒప్పుకోలేదట. హిమజ తెల్లారకముందు నుంచీ వీధుల వెంట నేల చూసుకుంటూ తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చింది.

నేల చూసుకుంటూ వచ్చింది కాబట్టి కారు కింద మరక చూసింది.

"అదేంటండి టీచర్ గారూ?" అని అడిగింది.

ఇంజనాయిలనీ, తనే కొట్లో కొని పోశాననీ, ప్యాకింగు పోయి కారుతోందనీ టీచరు వివరంగా చెప్పింది. హిమజ అంతా విని, కళ్ళు తుడుచుకుని, దీన్ని చమురు అని రాసుకోవచ్చాండి అని బతిమాలింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి మార్కులు వేసిన చెయ్యి కాబట్టి టీచరు మెత్తబడింది. కాని సైన్సు టీచరు. ఉన్నది ఉన్నట్టు రాయాలని పట్టుబట్టి, 'మూలం' అన్నచోట కొండ, నది, సముద్రం, అడవి ఏదీ కాదని 'ఇతర' పెట్టించింది. రిమార్కుల్లో 'పాత కారు నుంచి' అని కూడా రాయించింది. ఫొటోకి వేలాడుతున్న చుక్క కావాలని హిమజ అడిగితే, సరే, రేపు విప్పుదాంలే అని పానా పక్కన పెట్టింది.

ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

మర్నాడు తెల్లారి చూసేసరికి బానెట్ మీద ఒక కాగితం అంటించి ఉంది. సుందరం గారు కళ్ళజోడు పెట్టుకుని బిగ్గరగా చదివారు. సదరు వనరు గుర్తింపు దశ దాటి నిర్ధారణ దశలో ఉన్నందున, దాని సహజ ప్రవాహానికి ఆటంకం కలిగించే ఎట్టి చర్యనైనా ప్రజా సంపద విధ్వంసంగా పరిగణించడమగుననీ, యథాతథ స్థితి కొనసాగించవలెననీ అందులో ఉంది. భాష బాగుందని సుందరం గారు మెచ్చుకున్నారు. పదింటికల్లా హిమజ పరిగెత్తుకొచ్చి, పొరపాటైపోయిందని పోర్టల్లో తీసేద్దామంటే తీసే బటను లేదనీ, పై దశకి పంపే బటను ఒక్కటే ఉందనీ చెప్పి మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం మిషన్ జిల్లా సమన్వయాధికారి త్రివిక్రమరావు గారు జీపులో వచ్చారు. చామనచాయ, నిండు విగ్రహం, మాట్లాడుతున్నప్పుడు ఎదురుగా ఒకరున్నా వెయ్యిమంది ఉన్నట్టే మాట్లాడతారు. కారు చుట్టూ ప్రదక్షిణగా తిరిగి, వంగలేక వంగి, మరక చూసి తృప్తిగా లేచారు. టీచరు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఇది వట్టి ప్యాకింగు లీకు అనీ, గంటలో కట్టేస్తాననీ నచ్చజెప్పబోయింది.

"మీరు లీకు అంటున్నారమ్మా. మా పరిభాషలో ఇది స్వయంప్రేరిత ఉపరితల చమురు ఉద్గమం."

"ఆ చమురు నేనే కొని పైనుంచి పోశానండి. రిమార్కుల్లో రాయించాను కూడా."

"రిమార్కులు చదివామమ్మా. గోదావరిలో నీళ్ళు గోదావరి తయారు చేసుకుందా? అవీ పైనుంచి పడ్డవే. అంతమాత్రాన గోదావరి నది కాకుండా పోయిందా?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ విద్యార్థీ టీచరుని ఇలా నిలబెట్టలేదు. ఆయిలు కొన్న బిల్లు తెచ్చి చూపించేలోగా అధికారి గారి జీపు వీధి మలుపు తిరిగిపోయింది.

నిర్ధారణ కోసం ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. కారు కింద సత్తు గిన్నె పెట్టి, చేతి గడియారాలు చూసుకుంటూ రెండు గంటలు కూర్చున్నారు. ఒక్క చుక్క పడలేదు. వనరు నిద్రాణ స్థితిలో ఉన్నదని రాసి సంతకాలు పెట్టబోతుంటే, ఇంజను తిరిగి వేడెక్కితేనే గదండీ పడేది అని టీచరు నోరు జారింది. బోధించే అలవాటు అంత తొందరగా పోదు. ఇంజను ఆన్ చేయించారు. అరగంటలో పద్నాలుగు చుక్కలు పడ్డాయి. పద్నాలుగోదానికి ముగ్గురూ లేచి కరచాలనాలు చేసుకున్నారు. అప్పట్నుంచీ పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కారు ఉన్నచోటనే ఉండి ఇంజను తిరగాలని ఉత్తర్వు వచ్చింది. ఎక్కడికీ పోకుండా ఊరికే తిరిగే ఇంజనుకి ప్రభుత్వం పెట్రోలు ఇచ్చింది.

దానితో పాటు ఒక వాచ్‌మన్‌నీ ఇచ్చింది. పేరు చిట్టబ్బాయి. యాభై అయిదేళ్ళుంటాయి, సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక విజిలు, ఒక రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. చుక్క పడ్డప్పుడల్లా రిజిస్టర్లో ఒక గీత పెట్టడం ఆయన పని. నాలుగు నిలువు గీతలు పెట్టి అయిదోది అడ్డంగా కొట్టేవాడు. ఎవరైనా దగ్గరికి వస్తే విజిలు వెయ్యమన్నారు. మొదటి రోజు కారు తుడవడానికి టీచరు వచ్చినా వేశాడు. తర్వాత నొచ్చుకుని, మళ్ళీ వెయ్యనని మాటిచ్చాడు.

పదో రోజుకల్లా ఉపద్రవం వచ్చిపడింది. పద్నాలుగు చుక్కలు తొమ్మిదయ్యాయి. పన్నెండో రోజున ఆరు. త్రివిక్రమరావు గారు హుటాహుటిన వచ్చి, ఉత్పత్తి ఎందుకు పడిపోయిందో వివరణ ఇమ్మన్నారు. కొంత కారి, కొంత ముసలి ఇంజను తాగేసి ఆయిలు అయిపోతే ఇంకేం పడుతుందని టీచరు ఆయిలు పుల్ల బయటికి లాగి చూపించింది. పుల్ల చివర తడి కూడా లేదు. ఆయన ఆ పుల్లని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసి, ఇది నిక్షేపాల క్షీణత అన్నారు. పరిష్కారం కూడా అక్కడికక్కడే ఆలోచించారు. గిన్నెలో పడ్డ చుక్కలన్నీ పోగుచేసి తిరిగి ఇంజనులోనే పొయ్యాలి. పైన పోసింది కింద పడుతుంది, కింద పడింది పైకి పోతుంది. దీన్నే చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటారమ్మా అని ఆయన టీచరుకి పాఠం చెప్పారు. చాలని మేరకి కొత్త ఆయిలు మిషన్ సరఫరా చేస్తుంది. మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో ఆయన గరాటు పట్టుకున్న ఫొటో పడింది.

అప్పటిదాకా టీచరుకి నవ్వూ విసుగూ కలిసే వచ్చాయి. గచ్చు మీద దుమ్మూ ధూళీ, రెండు చీమలూ కలిసిన ఆయిలుని చిట్టబ్బాయి తన ఇంజనులో పొయ్యబోతుంటే మాత్రం నిజంగా కోపం వచ్చింది. గిన్నె లాక్కుని, లోపలికెళ్ళి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి తెచ్చింది. చిట్టబ్బాయి అది చూశాడు. ఆ రోజు నుంచీ గిన్నె మీద తనే ఒక గుడ్డ కట్టి, మధ్యలో చిన్న చిల్లు పెట్టి, చుక్క అందులోంచి పడేట్టు చేశాడు. సంఘం దాన్ని శుద్ధి కర్మాగారం అని నమోదు చేసుకుంది.

సెప్టెంబరు ఇరవై వచ్చింది. ఇంక పది రోజులే ఉంది. టీచరు రవాణా ఆఫీసుకి వెళ్ళి ఫిట్‌నెస్ తేదీ జరపమని అడిగింది. జరిపే అధికారం తనకి లేదనీ, ఉన్నా జరపననీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఇంజను కింద చుక్క కనబడితే తుక్కే అన్నాడు. చుక్క ఆపకూడదని మిషన్ వాళ్ళిచ్చిన ఉత్తర్వు చూపిస్తే, చక్కటి ఉత్తర్వని ఒప్పుకుని, అది ఆ శాఖ వ్యవహారమని వెనక్కిచ్చాడు. అక్కణ్ణుంచి మిషన్ ఆఫీసుకి వెళ్తే, చుక్క ఆగిన మరుక్షణం కేసు తప్పదనీ, తుక్కు సంగతి రవాణా శాఖ వ్యవహారమనీ అన్నారు. ఎవరి పరిధిలో వాళ్ళు చాలా న్యాయంగా మాట్లాడారు. మధ్యలో నలిగేది ముప్పై మూడేళ్ళ కారు ఒక్కటే.

టీచరు ఊరుకోలేదు. రెండు ఆఫీసులకీ అర్జీలు పెట్టి, సంయుక్త సమావేశం జరిగేదాకా పోరు పెట్టింది. ఇరవై నాలుగున సమావేశం జరిగింది. టీ, బిస్కట్లు అయ్యాక తీర్మానం చదివారు. అది త్రివిక్రమరావు గారి స్వహస్త రచన.

"వాహనము యజమానిది. లీకు మిషన్‌ది. వాహనమును పరీక్షకు తీసుకువెళ్ళుటకు మిషన్‌కు ఎట్టి అభ్యంతరమూ లేదు. అయితే లీకు మాత్రము ఇంటి ప్రాంగణము దాటరాదు."

ఇద్దరు అధికారులూ సంతోషించారు. సమస్య పరిష్కారమైనందుకు టీచరుకి అభినందనలు చెప్పారు.

ఆ సాయంత్రం ఆవిడ కారు పక్కన మెట్టు మీద కూలబడింది. పిల్లలకి న్యూటన్ సూత్రాలు బోధించి రిటైరైన మనిషి, ఇంజనుని వదిలి లీకు ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించుకుంటూ కూర్చుంది. ఏడుపు వస్తోంది గాని వాచ్‌మన్ ముందు ఏడవడానికి మొహమాటపడింది. ఇంజను సాయంత్రపు అరగంట పూర్తి చేసుకుని ఆగింది. చిట్టబ్బాయి రిజిస్టరు మూసి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, నేనో మాట చెప్పనాండి. దీనికి మీరు గానీ ఓపెనింగు చేయించేరనుకోండి, ఇంకెవరూ రారండి."

టీచరు తలెత్తి చూసింది.

ఇంతకుముందు తను నీళ్ళ ప్లాంటు దగ్గర కాపలా ఉండేవాడినని ఆయన చెప్పుకొచ్చాడు. కట్టినన్నాళ్ళూ రోజుకో జీపు వచ్చేది, పైపు పట్టుకోనిచ్చేవారు కాదు. ఒక రోజున పెద్దలు వచ్చి కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి వెళ్ళారు. ఆ తర్వాత మూడేళ్ళు తను అక్కడ కూర్చున్నాడు. ఒక్క మనిషి రాలేదు. మోటారు ఎవరో పట్టుకుపోయారు. ఆ సంగతి చెబుదామని ఆఫీసుకి వెళితే, అది పూర్తయిన పథకం గదా, దానికేమవుతుందని ఎదురడిగారు.

టీచరు వెంటనే హిమజకి ఫోన్ చేసింది. ఆ పిల్ల వచ్చి, మెట్టు మీద పక్కనే కూర్చుని, ఫోన్లో పోర్టల్ తెరిచి చూపించింది. గుర్తింపు, నిర్ధారణ, అభివృద్ధి, అంకితం అని నాలుగు గళ్ళు ఉన్నాయి. మూడు గళ్ళు పసుపు రంగులో ఉన్నాయి. నాలుగోది ఖాళీ.

"అంకితం కొడితే మొత్తం ఆకుపచ్చగా అయిపోద్దండి. తనిఖీ బటను పోద్దండి, సవరించే బటనూ పోద్దండి. ఇక నొక్కటానికి ఏమీ ఉండదండి" అంది హిమజ. చెబుతూ చెబుతూ తనకే అర్థమై టీచరు మొహంలోకి చూసింది.

టీచరుకి వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి మొహం వాడింది. చుక్క ఆగిపోతే మీ ఉద్యోగం మాటేమిటని చిట్టబ్బాయిని అడిగింది. ఆయన చిన్నగా నవ్వాడు.

"అంకితమైనదాని కాడ వాచ్‌మన్‌ని తియ్యరండి. తియ్యాలంటే ఎవరో ఒకరు వచ్చి చూడాలి గదండి."

ఆ రాత్రే టీచరు అర్జీ రాసింది. భాష కోసం బానెట్ మీది నోటీసు దగ్గర పెట్టుకుంది. తన ఇంటి ప్రాంగణంలో వెలసిన స్వయంప్రేరిత ఉపరితల చమురు ఉద్గమం అభివృద్ధి ఫలాలను ఇక ఎంతమాత్రమూ జాప్యం లేకుండా జాతికి అందించవలసిన చారిత్రక తరుణం ఆసన్నమైనదని మొదలుపెట్టి, ముహూర్తం ఇరవై తొమ్మిదిన బాగుందని ముగించింది. సుందరం గారు చదివి, నువ్వే రాశావా అని అడిగారు. అర్జీ పొద్దున పదింటికి ఇస్తే పదకొండింటికి త్రివిక్రమరావు గారి ఫోను వచ్చింది. ఇంత త్వరగా నాలుగో దశకి చేరిన వనరు రాష్ట్రంలో ఇదే మొదటిదట.

ఇరవై తొమ్మిదిన వీధిలో షామియానా వేశారు. కాంపౌండు గోడకి శిలాఫలకం ఆనించారు. బానెట్‌కి పసుపు రాసి బొట్లు పెట్టి, రెండు అద్దాలకీ కలిపి రిబ్బను కట్టారు. సత్తు గిన్నె స్థానంలో వెండి గిన్నె వచ్చింది. ముఖ్య అతిథి కుర్చీలో కూర్చుని, తను ఆవిష్కరించవలసింది ఏమిటని పక్కవారిని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ చమురు అనే చెప్పారు. ఆయన రిబ్బను కత్తిరించి, ఒక చుక్క ఒక చుక్కగా మన రాష్ట్రం స్వయం సమృద్ధి సాధించి తీరుతుందని ప్రసంగించారు.

పది నలభైకి ముహూర్తం. ఇంజను తిరుగుతోంది. చుక్క వచ్చి ట్యాపెట్ కవరు అంచు దిగి, ఇంజను అడుగున వేలాడింది. పడలేదు. మేళం ఆగిపోయింది. కెమెరాలు కారు కిందికి గురిపెట్టి ఉన్నాయి. ముఖ్య అతిథి వంగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి చూస్తున్నారు. త్రివిక్రమరావు గారి నుదుటి మీద చెమట మాత్రం ధారాళంగా పడుతోంది. టీచరు నెమ్మదిగా డ్రైవరు సీట్లోకి వెళ్ళి ఆక్సిలరేటరు ఒక్కసారి నొక్కింది. ఇంజను వణికింది, చుక్క వెండి గిన్నెలో పడింది. మేళం మోగింది. లీకు జాతికి అంకితమైంది.

ఒంటిగంటకల్లా షామియానా కర్రలు కూడా లారీ ఎక్కేశాయి. వెండి గిన్నె అధికారి గారి వెంట వెళ్ళిపోయింది. హిమజ ఫోను చూపించింది. నాలుగు గళ్ళూ లేత అరటాకులా ఆకుపచ్చగా ఉన్నాయి.

ఇంజను చల్లారేదాకా ఆగి, రెండింటికి టీచరు చీర చెంగు దోపుకుంది. ఎయిర్ క్లీనరు తీసి పక్కన పెట్టింది. ప్లగ్గు వైర్లని ఏది ఎక్కడిదో గుర్తుకి దారాలు కట్టి తప్పించింది. ట్యాపెట్ కవరు బోల్టులు ఒక్కొక్కటీ విప్పి హిమజ చేతిలో పెట్టింది. కవరు అతుక్కుపోయి రాలేదు. అరచేత్తో పక్కనుంచి నాలుగు దెబ్బలు మెత్తగా వేస్తే కదిలింది. పాత ప్యాకింగు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఇనప బ్లేడుతో గీకితే గీతలు పడతాయని, గడువు తీరిన ఏటీఎం కార్డుతో అంటుకున్న పెళ్ళలన్నీ గీకి, ఒక్కటి కూడా ఇంజనులో పడకుండా గుడ్డతో ఎత్తి, పెట్రోలుతో తుడిచింది. కొత్త ప్యాకింగు కూర్చోబెట్టి, కవరు పెట్టి, మధ్య బోల్టు నుంచి అంచులకి వెళ్తూ అన్నిటినీ ముందు వేళ్ళతోనే బిగించింది. తర్వాత పానాతో మళ్ళీ మధ్య నుంచి, కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చింది. గట్టిగా బిగిస్తే మంచిదనుకుంటారు గాని, మరీ బిగిస్తే ప్యాకింగు నలిగి పక్కకి తన్నుకొస్తుందని, పనిలో పనిగా హిమజకి పాఠం కూడా చెప్పింది. చిట్టబ్బాయి టార్చి పట్టుకుని ఎక్కడ చూపమంటే అక్కడ చూపించాడు.

వడకట్టిన ఆయిలంతా వంపేసి, కొత్తది పోసి, ఇంజను ఆన్ చేశారు. ముగ్గురూ నేల మీద కూర్చుని సత్తు గిన్నె చూస్తూ అరగంట గడిపారు. గిన్నె పొడిగానే ఉంది. చిట్టబ్బాయి అలవాటు కొద్దీ రిజిస్టరు తెరిచి, ఏం రాయమంటారండి అని అడిగాడు. పడిందే రాయమంది టీచరు. ఆయన పెద్ద సున్నా చుట్టి కింద సంతకం పెట్టాడు. నెల రోజుల్లో టీచరు కడుపు నిండా నవ్వింది అప్పుడే.

ముప్పయ్యో తారీఖు పొద్దున రవాణా ఆఫీసు మైదానంలో బళ్ళు బారుగా నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరు రేకుల షెడ్డు కింద టేబిలు వేసుకుని, కంప్యూటర్లో చూసి ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. టీచరు వంతు వచ్చింది. ఆయన తెర మీద చదివి కనుబొమలు ముడిచాడు.

ఈ వాహనానికి లీకు ఉన్నట్టు మిషన్ రికార్డులో ఉందన్నాడు. నిన్న మధ్యాహ్నం బాగుచేశానని టీచరు గర్వంగా చెప్పింది. చెప్పగానే తప్పు తెలిసింది. జాతికి అంకితమైనదాన్ని మీరెలా బాగుచేస్తారండీ అని ఆయన నిటారుగా కూర్చున్నాడు. లీకుంటే తుక్కు, లేకపోతే కేసు. టీచరు కాగితాల కోసం తడుముకుంది. సంచిలో చెయ్యి పెడితే, హిమజ ప్రింటు తీసి ఇచ్చిన అంకిత ధ్రువపత్రం తగిలింది. మరేమీ తోచక దాన్నే టేబిలు మీద పెట్టింది.

ఇన్‌స్పెక్టరు దాన్ని పై నుంచి కింద దాకా చదివాడు. మళ్ళీ చదివాడు. మొహంలోకి నెమ్మదిగా వెలుగొచ్చింది.

"అంటే, ఈ లీకు మీది కాదన్నమాట."

"కాదండి."

"జాతిది."

"ఆయ్."

ఆయన హాయిగా ఊపిరి తీసుకుని, యజమానికి చెందిన లీకు ఏదియూ ఈ వాహనమునందు లేదు అని రాసి, ముద్ర వేశాడు. ఐదేళ్ళు. టీచరు కాగితం అందుకుంది గాని కదల్లేదు.

"ఒక్కసారి వంగి చూడండి సార్. చుక్క పడట్లేదు."

"ఎందుకండీ? చూస్తే చూసింది రాయాలి. ఇప్పుడు కాగితం శుభ్రంగా ఉంది" అని ఆయన తర్వాతి బండిని పిలిచాడు.

కారు బతికింది. ఆ సంతోషం ఉంది. అయినా ఆవిడకి మనసొప్పలేదు. చుక్క పడుతున్నన్నాళ్ళూ గడియారాలు పట్టుకుని లెక్కపెట్టిన ప్రభుత్వానికి, పడనిచోట ఒక్కసారి తల వంచే తీరిక లేకపోయింది. బోల్టుబోల్టుకీ ఎంత చూసి తిప్పిందో ఆవిడకి తెలుసు. వెళ్ళి కారు పక్కన నిలబడి, ఎవరి కోసమో తెలియకుండానే బానెట్ ఎత్తింది.

వెనక వరసలో ఉన్న పాత జీపు డ్రైవరు దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా నిండా గ్రీజు మరకలు. అడక్కుండానే మోకాళ్ళ మీద కూర్చుని కింద చూశాడు. లేచి, ట్యాపెట్ కవరు అంచు వెంట చూపుడు వేలు చివరిదాకా రాసి, వేలు వెలుతురుకి పెట్టి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు.

"పొడిగా ఉందండి. ఎక్కడ చేయించేరు?"

"చేయించలేదు. నేనే చేశాను."

అతను ఆవిడ చేతుల వంక చూశాడు. గోళ్ళ మూలల్లో నిన్నటి నలుపు ఇంకా ఉంది.

"నాదీ అదే కంప్లైంటండి. నా వంతుకి ఇంకా గంటుంది. ఓసారి చూత్తారేంటండి?"

టీచరు డిక్కీ తీసి పానాల సంచి బయటికి లాగింది. ముందు ఇంజను చల్లారనివ్వమని చెప్పి, జీపు బానెట్ ఎత్తమంది.